జడ్జి గారు నవ్విన రోజు

మా అమ్మ మాటకు ఏలూరు కోర్టులో జడ్జి గారు నవ్వారట. నా చిన్నప్పుడు చేపల బజారు మొత్తం ఈ కథ చెప్పేది. కథ ఒకటే గాని మాట మాత్రం మనిషికొకటి. "నా బుట్ట దారికి అడ్డమైతే తమరి బల్ల అడ్డం కాదాండీ" అన్నదని ఒకావిడ. "కేసు తొందరగా తేల్చేయండి, మంచి కొరమీను చూసి పంపిస్తాను" అన్నదని ఇంకొకావిడ. మూడో ఆవిడైతే అమ్మ అసలేమీ అనలేదనీ, జడ్జి గారి మొహం చూసి తనే ముందు నవ్విందనీ, ఆ నవ్వు ఆయనకూ అంటుకుందనీ చెప్పింది. గోరంత మాట పది నోళ్ళలో పడి కొండంత అయింది. అసలు గోరంత ఏమిటో ఎవరికీ గుర్తు లేదు.

నాకు ఆ గోరంత కావాలి.

ఎందుకో చెప్పాలి. మాది కొల్లేటి ఒడ్డున ఊరు. నాన్న నాకు ఊహ తెలియక ముందే పోయాడు. అమ్మ తెల్లవారకుండానే చేపల బుట్టతో బస్సెక్కి ఏలూరు వచ్చి, మార్కెట్టు బయట రోడ్డు వారన కూర్చునేది. నన్ను ఐదో తరగతి నుంచే తాడేపల్లిగూడెంలో మిషన్ హాస్టల్లో వేసింది. చూడనిచ్చే ఆదివారాల్లో, గుడిలో ప్రార్థన అయ్యాక వచ్చేది. బజారులో ఆమె నోటికి ఎదురు లేదంటారు. బేరం ఆడడానికి వచ్చినవాళ్ళు బేరం మరిచిపోయి ఆమె మాటలు వింటూ నిలబడేవారట. ఆ అమ్మను నేను చూడలేదు. హాస్టలు వరండాలో నా పక్కన కూర్చునే అమ్మ అలిసిపోయి ఉండేది. "నువ్వు చెప్పు" అనేది. నేను చెబుతూనే ఉండేదాన్ని. లెక్కల టీచరు గురించి, పప్పుచారు నీళ్ళ గురించి, పక్క మంచం పిల్ల గురక గురించి. గేటు మూసే వేళయ్యేది, ఆమె లేచి వెళ్ళిపోయేది.

ఆ మాటేమిటో అమ్మనే అడగాలని తోచేలోపు, నేను టీచరు ట్రైనింగులో ఉండగా ఆమె పోయింది. ఇప్పుడు నా దగ్గర ఆమె ఫొటో ఒకటి ఉంది. ఫొటోలు మాట్లాడతాయని రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఫొటోలు ఏమీ మాట్లాడవు. ఊళ్ళో అందరి దగ్గరా మా అమ్మ మాటలు ఉన్నాయి, నా దగ్గర "నువ్వు చెప్పు" ఒక్కటే ఉంది. ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు అదే దిగులు.

మొన్నామధ్య మా స్కూలు స్టాఫ్ రూములో ఒక మాస్టారు తన పొలం గట్టు తగాదా ఎంతవరకు వచ్చిందో ఫోనులో చూస్తున్నారు. కేసు నంబరు, వాయిదా, ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, అన్నీ అందులో ఉన్నాయి. "కోర్టు కాగితాలన్నీ ఇందులో ఉంటాయాండీ?" అన్నాను. "అన్నీ ఉంటాయి మేడమ్, న్యాయం తప్ప" అన్నారాయన. ఆయన కేసు ఆయన తాత కాలం నాటిది, ఆ మాత్రం విసురు ఉండడంలో తప్పు లేదు.

ఆ సాయంత్రమే ఇంట్లో కూర్చుని ఫోనులో అమ్మ పేరు కొట్టాను. మా సంఘాల్లో బైబిల్లో పేర్లే తిప్పి తిప్పి పెట్టుకుంటాం కదా, అమ్మ పేరుగలవాళ్ళు జిల్లాలో కొల్లలు. ఒకావిడ మీద చెక్కు చెల్లని కేసు. ఒకావిడ మేనమామ మీద గోడ తగాదా వేసింది. ఇంకొకావిడ విడాకులు కోరుతోంది. ఒక్కొక్క పేరూ తెరవగానే ఇది అమ్మే అనుకోవడం, చదవగానే ఎవరో పరాయి మనిషి కావడం. మా అమ్మ వాళ్ళెవరిలోనూ లేదు.

సెలవులు ఇచ్చాక ఏలూరు వెళ్ళాను. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె అక్కడ వకీలు. సాంఘికశాస్త్రంలో ఎప్పుడూ పటం తలకిందులుగా పెట్టేది, ఇప్పుడు నల్లకోటు వేసుకుని గబగబా నడుస్తోంది. విషయం చెబితే ముందు నావంక జాలిగా చూసింది.

"పాత కేసులు కంప్యూటర్లోకి ఎక్కించలేదండి మేడమ్. అదీగాక ఇది చిన్న కేసు. మున్సిపాలిటీ వాళ్ళు దారి ఆక్రమణ కింద పెట్టింది. ఇలాంటివాటి కాగితాలు కొన్నేళ్ళు ఉంచి తీసేస్తారండి."

"తీసేయడమంటే?"

"తీసేయడమేనండి."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పదేళ్ళ నాటి హాజరుపట్టీలు మా స్కూల్లో అటక మీద మూలుగుతున్నాయి, మనిషి మాటలు ఉంచలేరా అని ఆ పిల్ల మీద ఎగిరాను. తను ఏమీ అనుకోలేదు. "పై కోర్టుకు అప్పీలు వెళ్ళి ఉంటే మాత్రం ఆ కట్ట విడిగా ఉండొచ్చండి. వెళ్ళిందో లేదో చెప్పగలిగినవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?" అంది.

ఉన్నారు. బజారులో అమ్మ పక్కన బుట్ట పెట్టుకున్న ఆవిడ ఒక్కతే ఇంకా బతికి ఉంది. చుట్టరికం లేదు గాని నేను పిన్ని అనే పిలుస్తాను. పిల్లల్లేరు, భర్త పోయాక కలిదిండిలో తమ్ముడి కొడుకు ఇంట్లో ఉంటోంది. ఫోను చేస్తే, "అప్పీలు వెయ్యకేమమ్మా! ఆడోళ్ళందరం కలిసి ఒకే ప్లీడరు గారిని పెట్టుకున్నాం. నువ్వు ఆరో తరగతిలో ఉన్న ఏడాది" అంది.

ఆ ఏడాదిని పట్టుకుని, జిల్లా కోర్టు రికార్డులో అప్పీలు కట్టను, కట్టలో అమ్మ కేసు నంబరును నా శిష్యురాలు బయటికి తీయించింది. బుట్టకొక కేసు పెట్టారట, వరుసగా నంబర్లు. ఆమె నాచేత నకలు అర్జీ రాయించింది. నకలు ఎందుకు కావాలో రాయాల్సిన చోట, "మా అమ్మ ఏమన్నదో తెలుసుకోవడానికి" అని రాశాను. "అలా రాయకూడదండి మేడమ్" అని ఆ పిల్ల కొట్టేసి, "సొంత అవసరం నిమిత్తం" అని రాసింది. ఆలోచిస్తే తను రాసిందే నిజం.

నకలు వచ్చేదాకా రోజూ ఆ మాట కోసమే ఎదురుచూశాను. అన్నం తింటూ కూడా, బల్లా, కొరమీనా, ఉత్త నవ్వా అనుకునేదాన్ని. వచ్చిందని కబురు రాగానే మొదటి బస్సుకు వెళ్ళి తెచ్చుకున్నాను. ఏలూరు పాత బస్టాండులో బెంచీ మీద కూర్చుని తెరిచాను.

కోర్టు కాగితం చదవడం కూడా ఒక చదువే. సి.సి. అంటే క్యాలెండరు కేసట, గోడ క్యాలెండరుకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఫిర్యాది అంటే కేసు పెట్టిన శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు. ముద్దాయి అంటే మా అమ్మ. ఆ మాట దగ్గర కాసేపు ఆగాల్సి వచ్చింది. ఎవరు ఏం మాట్లాడినా "అన్నది" అని ఉండదు, "అని చెప్పినది", "అని కోరినది" అని ఉంటుంది. మనిషి మాట్లాడుతుంటే అద్దం అవతలి నుంచి చూస్తున్నట్టుంది, పెదాలు కదులుతాయి, మాట వినిపించదు.

ఇన్‌స్పెక్టరు గారి సాక్ష్యం పేజీల కొద్దీ ఉంది. తరవాత అమ్మ వంతు. 'ముద్దాయిని చెప్పుకొనునది ఏమైనా కలదా అని అడుగగా, ఏమియు లేదని చెప్పినది. తప్పు మన్నించమని కోరినది. చదివి వినిపించగా సరియేనని ఒప్పుకొన్నది.' కింద వేలిముద్ర.

అంతే.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. నేను గెలవలేదు, ఓడలేదు, బస్టాండులో కూర్చుని ఏడ్చాను. అమ్మ చెప్పుకునేది ఏమీ లేదందా? జడ్జి గారిని నవ్వించిన మనిషి తప్పు మన్నించమందా? బజారంతా కలిసి, తండ్రి లేని పిల్ల కదా అని నాకు ఇంత అందమైన కథ అల్లిపెట్టారా? ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. పక్కన కూర్చున్న పెద్దాయన, "బస్సు పోయిందామ్మా? ఇంకోటి ఉంటదిలే" అన్నాడు.

కళ్ళు తుడుచుకుని కాగితం మడవబోతుంటే ఆ వేలిముద్ర మళ్ళీ కనబడింది. అమ్మ చదువుకోలేదు గాని గుడిలో పాటల పుస్తకం కోసం అక్షరాలు కూడబలుక్కుంది. నా ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం తనే పెట్టేది, అక్షరాలు గాలికి వాలిన వరికంకుల్లా అన్నీ ఒకే వైపు ఒరిగి ఉండేవి. సంతకం వచ్చని ఆమెకు ఎంత గర్వమో నాకు తెలుసు. ఆ మనిషి జడ్జి గారి ముందు వేలు అద్దుతుందా?

మర్నాడే కలిదిండి వెళ్ళాను. దారి పొడుగునా రోడ్డుకు రెండు పక్కలా చెరువులే, రొయ్యల చెరువుల్లో చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. పిన్ని వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. నేను కాగితం చదువుతుంటే చెవి దగ్గరగా పెట్టి విన్నది. వేలిముద్ర చూపించగానే పట్టి పట్టి చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి దగ్గు వచ్చింది.

"ఇది నా బొటనవేలే అమ్మాయ్!"

నాకు అర్థం కాలేదు.

"వంతులు వేసుకున్నాం కదా. వాయిదాకి పోతే ఆ రోజు బేరం పోయినట్టే. చేప ఆగుతుందా? అందుకని ఎవరికి కుదిరితే ఆళ్ళు పోయి, పేరు పిలవగానే ఆయ్ అని నిలబడేవోళ్ళం. ముసుగేసుకుని తలొంచుకుంటే మాలో ఎవరు ఎవరో కోర్టు బంట్రోతుకి ఏం తెలుసు? మీ అమ్మ పేరు పిలిచిన రోజు నేను పోయాను. నాకు భయం, నోట మాట రాలేదు. తప్పయిపోయింది బాబుగారూ అని వేలేసి వచ్చేశాను."

"ఆ రోజు అమ్మ ఏమైంది?"

"నీకు ఆటలమ్మ పోసిందని గూడెం హాస్టలు నుంచి కబురొచ్చింది. బుట్ట నా మీద పడేసి పరిగెత్తింది."

ఆ రోజు నాకు గుర్తుంది. హాస్టల్లో విడిగా ఒక గదిలో పడుకోబెట్టారు. ఒళ్ళంతా మంట. కళ్ళు తెరిచేసరికి పక్కన చేపల వాసన, ఆదివారం కాదు, అమ్మ వేపరెబ్బతో విసురుతోంది. "బేరం లేదా అమ్మా?" అన్నాను. "ఇవాళ బజారుకి సెలవు" అంది. చేపల బజారుకి సెలవుంటుందా అని అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు పిన్ని మంచం మీద కూర్చుని ఉండగా తోచింది.

"మరి జడ్జి గారు నవ్వింది?"

"నా కేసులో. నా పేరున మీ అమ్మే నిలబడింది."

"ఏమంది పిన్నీ?"

"నేనెక్కడున్నానమ్మా అక్కడ? ఇద్దరికీ చేప తేవాలని ఇదిగో ఈ కలిదిండిలోనే చెరువులో వల లాగి చేప పడుతుంటే ఆ పట్టుబడి కాడ ఉన్నాను. అందరూ చెప్పుకుంటే విన్నదే."

ఈసారి అర్జీ పిన్ని పెట్టాలి, కేసు ఆమె పేరున ఉంది కాబట్టి. ఏలూరు వెళ్ళే బస్సులో ఆమె నా చెయ్యి వదల్లేదు. "ఇన్నేళ్ళకి బయటపెట్టుకుంటున్నాం, ఈ వయసులో నన్ను లోపలేస్తారేమో చూసుకోమ్మా" అని మాటిమాటికీ అంటూనే ఉంది. నా శిష్యురాలికి జరిగింది చెప్పబోతే రెండు చెవులూ మూసుకుంది. "మేడమ్, ఇది మీరు చెప్పలేదు, నేను వినలేదండి. మామ్మగారు తన సొంత కేసు నకలు తను అడుగుతున్నారు, అంతేనండి" అంది. క్లాసులో ఇంత తెలివి ఎక్కడ దాచిందో!

నకలు వచ్చిన రోజు కూడా పిన్నిని వెంటబెట్టుకునే వెళ్ళాను. కోర్టు గేటు బయట టీ కొట్టు బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. టీ తెచ్చి పెట్టినా పిన్ని ముట్టుకోలేదు. "చదువు" అంది.

పేరు, పిన్నిది. భర్త పేరు, పిన్ని భర్తది. ఊరు, పిన్నిది. అమ్మ అన్నీ తడబడకుండా ఒప్పజెప్పింది. ఆ తరవాత, 'బుట్ట రోడ్డుపై ఏల ఉంచితివని అడుగగా, తాను ఉంచలేదని, నెత్తిన పెట్టుకొని పోవుచుండగా కొనువారు దించుకొన్నారని, వారిలో ఫిర్యాది ఇంటివారు కూడా కలరని చెప్పినది.'

నేను ఇంకోసారి చదవబోయేలోపు పిన్ని అందుకుంది. నడుం నిటారుగా చేసి, గడ్డం ఎత్తి, ఎప్పుడూ లేని గొంతుతో అంది.

"నేనెక్కడ దింపానండీ బాబుగారూ? నా నెత్తి మీద బుట్ట నా నెత్తి మీదే ఉందండి. కొనేవోళ్ళే దింపుకున్నారండి. కేసు పెడితే ఆళ్ళ మీద పెట్టాలండి. అందరికంటే ముందు చెయ్యేసింది ఈ ఇన్‌స్పెక్టరు గారి ఇంట్లో ఆవిడేనండి!"

కొట్టులో ఇద్దరు ముగ్గురు తిరిగి చూసి నవ్వారు. "ఇట్టాగే అనుంటది. మీ అమ్మ మాట ఇట్టాగే ఉంటది" అంది పిన్ని. నేను ఆమె నోటివంకే చూస్తూ ఉండిపోయాను. అడగనా వద్దా అని తటపటాయించి, ఇంకోసారి అనమని అడిగాను. అంది. మళ్ళీ అడిగితే మళ్ళీ అంది. జడ్జి గారు నవ్వినట్టు మాత్రం కాగితంలో ఎక్కడా లేదు. నవ్వు రాసుకునే చోటు కోర్టు కాగితంలో ఉండదు కాబోలు.

"అయిపోయిందా?" అంది పిన్ని.

ఇంకో పేజీ ఉంది. నేరం రుజువైందని తేల్చాక, శిక్ష గురించి అడిగిన పేజీ. నేను గట్టిగానే చదవడం మొదలుపెట్టాను. 'శిక్ష విషయమై అడుగగా, తనకు ఒకే కుమార్తె కలదని, తాడేపల్లిగూడెములో హాస్టలునందు ఉండి చదువుకొనుచున్నదని, బాగుగా చదువునని, ఆ పిల్లకు తాను తప్ప ఎవరును లేరని, దయ చూపమని కోరినది.'

పిల్లలు లేని పిన్ని పేరున, ఆమె భర్త పేరు కింద, గూడెం హాస్టల్లో చదువుకునే ఒక కూతురు ఉంది.

పిన్ని వేళ్ళు మడుస్తూ, "పేరు మార్చింది. మొగుణ్ణి మార్చింది. ఊరు మార్చింది. నిన్ను మార్చడానికి నోరు రాలేదు చూశావా దానికి" అంది.

అమ్మ మాట కోసం నేను ఇంత దూరం తిరిగాను. ఆమె కోర్టులో నిలబడి చెప్పుకున్నది నా గురించే. వరండాలో నన్ను చెప్పమని విన్నదంతా అక్కడ చెప్పింది. బాగుగా చదువునని! ఆ ఏడు నాకు లెక్కల్లో ఎన్ని వచ్చాయో సంతకం పెట్టిన ఆమెకు తెలియదా? ఒక్కసారి ఆమె ఎదుట కూర్చుని, "ఈసారి నువ్వు చెప్పమ్మా" అనాలని ఎంత అనిపించిందో ఇక్కడ రాయలేను.

"కింద ఇంకా ఏదో ఉంది" అంది పిన్ని, వేలు పెట్టి చూపిస్తూ.

"నీ బదులు అమ్మ వేసిన వేలిముద్ర పిన్నీ."

"సంతకం వచ్చిన మనిషి, నాకోసం వేలేసింది. దాని పైన?"

"చదివి వినిపించగా సరియేనని ఒప్పుకొన్నది."

పిన్ని ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, చల్లారిన టీ గ్లాసు పక్కకు జరిపి, బల్ల మీద రెండు చేతులతో చదును చేసింది. అది తన పేరున ఉన్న కాగితమే కాబట్టి తనే ఉంచుకుంటానంది, నన్ను జిరాక్సు తీసుకోమంది. తరవాత నావంక చూడకుండా అడిగింది.

"ఇప్పుడు నువ్వు నాకూ చదివి వినిపించావు కదమ్మా. నేనూ ఒప్పుకున్నానని అక్కడ రాయకూడదా?"